మారథాన్ నుంచి అల్ట్రాకి: బిబ్ (రేసు నంబరు చీటీ) కొనేముందు ఎక్కాల్సిన మెట్లు

నేను మొదటిసారి మారథాన్ దూరాన్ని, అంటే 42.195 కిలోమీటర్లని, దాటి పరిగెత్తింది హబ్సిగూడలో, మా కాలనీ గేటు ముందు. సమయం నమోదు చేసే టైమింగ్ మ్యాట్ లేదు, మెడల్ లేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద పెరుగన్నం డబ్బా, రెండు సీసాల మజ్జిగ, ఒక తువ్వాలు. ఏడో గంట కూడా మొదలెట్టేసరికి వాచ్‌మన్ తాత ఉండబట్టలేక అడిగేశాడు: "ఏం సార్, ఎవలన్న పందెం కాసిన్రా?"

ఎవరూ కాయలేదు. అంతకుముందు ఏడాది మాత్రం డబ్బు కట్టి మరీ పందెంలోకి దిగాను. నాలుగు మారథాన్లు అయిపోయాయి కదా, ఇంకో ఎనిమిది కిలోమీటర్లు ఓ లెక్కా అనుకుని 50 కి.మీ. రేసుకి పేరిచ్చాను. 37 దగ్గర కడుపు తిప్పింది. రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకుని, వాలంటీర్ల బండెక్కి వెనక్కి వచ్చాను. ఆ రోజు బయటపడిన తప్పులన్నీ ఇంటి దగ్గర పైసా ఖర్చు లేకుండా బయటపడేవే. అందుకే ఇప్పుడు ఎవరైనా "అన్నా, మారథాన్ అయింది, అల్ట్రాకి ఎట్లా?" అనడిగితే రేసు పేరు చెప్పను. ముందు మీకు మీరే పెట్టుకోవాల్సిన పరీక్షలు చెబుతాను. వాటిలో ఫెయిలైనా ఫర్వాలేదు, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేయొచ్చు.

లెక్క ప్రకారం 42.195 కి.మీ. దాటినదంతా అల్ట్రానే. ఎక్కువగా కనిపించేవి 50 కి.మీ., 50 మైళ్లు అంటే 80 కి.మీ., ఆపైన 100 కి.మీ., 100 మైళ్లు. దూరం బదులు సమయం పెట్టే పరుగులూ ఉన్నాయి: స్టేడియంలో 12 గంటలో 24 గంటలో తిరగడం, ఎంత దూరం వస్తే అంత. ఇక్కడ నేను చెప్పేదంతా మొదటి 50 గురించే.

ముందు క్యాలెండర్ చూడండి

మన ఊరి వాతావరణం ఈ విషయంలో మనకు మేలే చేసింది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్‌లో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై, ఫ్లైఓవర్లన్నీ ఎక్కించి దింపి, చెమట పిండేసి గచ్చిబౌలి స్టేడియంలో వదులుతుంది. ఆ ఉక్కలో, ఆ ఎత్తుపల్లాల్లో 42 పూర్తి చేసినవాడికి కాళ్లలో సరుకు ఉన్నట్టే. సెప్టెంబర్ మొదటి మూడు వారాలు విశ్రాంతి: నడక, ఈత, సరదాగా ఐదారు కిలోమీటర్లు, అంతకుమించి వద్దు. ఆ తర్వాత అక్టోబర్ నుంచి జనవరి దాకా చల్లటి తెల్లవార్లు. పదహారు వారాల శిక్షణ అందులో హాయిగా ఇమిడిపోతుంది. మార్చిలో మొదలుపెట్టి మే ఎండలో పెద్ద పరుగులు తీద్దామనుకునేవాళ్లకు నాదొక్కటే మాట, మానుకోండి.

కనీసం రెండు మారథాన్లు దెబ్బలు లేకుండా పూర్తి చేసి ఉండాలి. వారానికి 45-50 కి.మీ. తేలిగ్గా పరిగెత్తగలగాలి. నలభై దాటినవాళ్లు, బీపీ షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "ఆరేడు గంటలు ఏకధాటిగా పరిగెత్తబోతున్నాను" అని స్పష్టంగా చెప్పండి. "వ్యాయామం చేస్తాను" అంటే ఆయన వాకింగ్ అనుకుంటాడు.

కిలోమీటర్లు పెంచేటప్పుడు మూడు వారాలు కొంచెం కొంచెం ఎక్కి, నాలుగో వారం దిగండి. నేను ఒకసారి ఆవేశంలో 55 నుంచి రెండు వారాల్లో 90కి ఎగబాకాను. మోకాలి బయటి పక్క నరం లాగేసినట్టు నొప్పి, ఆరు వారాలు మెట్లు దిగడమే గగనమైంది. మొదటి 50కి వారంలో గరిష్ఠంగా 65 నుంచి 80 కి.మీ. చాలు.

మొదటి మెట్టు: నడవడం నేర్చుకోవడం

మారథాన్‌లో నడిచామంటే తప్పు చేసినట్టు తల దించుకుంటాం. అల్ట్రాలో నడక వ్యూహం. ముందు నుంచీ, కాళ్లు బాగున్నప్పటి నుంచే నడవాలి. 25 నిమిషాల పరుగు, 5 నిమిషాల నడక అనే లెక్క నాకు కుదిరింది. కొందరికి 9 నిమిషాలు, 1 నిమిషం బాగుంటుంది. ఎత్తు కనబడితే గడియారంతో పని లేదు, నడవడమే.

నడిస్తే టైమ్ పోతుందని భయపడేవాళ్లు ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. కిలోమీటరు 7 నిమిషాల చొప్పున ఎక్కడా ఆగకుండా పరిగెత్తితే 50 కి.మీ. 5 గంటల 50 నిమిషాలు. అదే వేగంతో 25 నిమిషాలు పరిగెత్తి, కిలోమీటరు 10 నిమిషాల చొప్పున 5 నిమిషాలు చురుగ్గా నడుస్తూ పోతే 6 గంటల 8 నిమిషాలు. పోయింది 18 నిమిషాలే. నడవనివాడు 35 దాటాక పిక్కలు పట్టేసి ఎలాగూ ఈడ్చుకుంటూ వస్తాడు. అప్పుడు పోయేది 18 నిమిషాలతో ఆగదు.

అయితే ఆ నడక టీ కొట్టుకి వెళ్లే నడక కాదు. కిలోమీటరు 10 నిమిషాల్లో నడవడం మొదట్లో పరుగు కంటే కష్టంగా ఉంటుంది, మోకాలి కింద ముందు భాగం మండుతుంది. వారానికి ఒక రోజు 40 నిమిషాలు అదే పనిగా అభ్యాసం చేయండి.

పరుగు వేగం విషయానికొస్తే, మారథాన్ వేగానికి కిలోమీటరుకి నిమిషం నుంచి నిమిషంన్నర కలపండి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, ఆయాసం మాట మధ్యలో దూరకూడదు. నేను ఉస్మానియా క్యాంపస్‌లో ఈ వేగంతో పోతుంటే మంకీ క్యాప్ పెట్టుకున్న ఓ పెద్దాయన ఆర్ట్స్ కాలేజీ ముందు నన్ను దాటుకుంటూ "ఏం బాబూ, ఒంట్లో బాలేదా?" అన్నారు. మొదటి నెల ఇలాంటి పలకరింపులకు అలవాటు పడాలి.

రెండో మెట్టు: మీ పందేలు మీరే పెట్టుకోండి

పదహారు వారాల్లో నాలుగు సొంత పందేలు. వీటి మధ్య కనీసం రెండేసి వారాలు ఎడం ఉండాలి.

మొదటిది వయసు పరుగు. పుట్టినరోజు దగ్గర్లో మీ వయసెంతో అన్ని కిలోమీటర్లు. 43 నిండినవాళ్లకి ఇదే మొదటి అల్ట్రా అయిపోతుంది. పాతికేళ్లవాళ్లు పది కలుపుకోండి, లేకపోతే అది మామూలు ఆదివారం పరుగే. నాకు 41 నిండినప్పుడు తార్నాక నుంచి ఎన్‌సీసీ గేట్ దాకా, మళ్లీ వెనక్కి, అలా క్యాంపస్‌లోనే తిరిగాను. 33 దగ్గర నీళ్లయిపోయాయి. తెల్లవారుజామున తెరిచి ఉంటాయనుకున్న కొట్లు ఆదివారం కాబట్టి ఏడున్నరకి కూడా తెరవలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ ఎత్తింది. "పుట్టినరోజు పూట తలంటు పోసుకోకుండా ఎక్కడ తిరుగుతున్నావురా?" నీళ్ల సంగతి చెప్పే ధైర్యం రాలేదు. 36తో సరిపెట్టాను. ఆ వారమే దారిలో ఎక్కడెక్కడ నీళ్లు దొరుకుతాయో, ఏ కొట్టు ఎన్నింటికి తెరుస్తారో చీటీ రాసుకున్నాను. మీరూ రాసుకోండి.

రెండోది జంట పరుగు. శనివారం 28, ఆదివారం 18. నెల తర్వాత 32, 20. అరిగిపోయిన కాళ్లతో మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ఆదివారం మొదటి మూడు కిలోమీటర్లు చెబుతాయి. ఒకే రోజు 45 తీస్తే కోలుకోవడానికి వారాలు పడుతుంది. దాన్ని రెండు రోజులకు పంచితే దాదాపు అదే అలవాటు వస్తుంది, సోమవారం ఆఫీసుకి కూడా పోగలుగుతాం.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. అమెరికాలో టెనెసీకి చెందిన లాజరస్ లేక్ అనే ఆయన మొదలుపెట్టిన బ్యాక్‌యార్డ్ అల్ట్రా అనే పద్ధతి ఉంది. ప్రతి గంటకూ 6.706 కి.మీ. పరిగెత్తాలి. తొందరగా ముగిస్తే మిగిలిన నిమిషాలు మీవి. గంట కొట్టగానే మళ్లీ గీత దగ్గర ఉండాలి. ఇలా 24 గంటలు సాగితే సరిగ్గా 100 మైళ్లు వస్తుంది, ఆ వింత సంఖ్య అందుకే. అక్కడ ఒక్కడు మిగిలేదాకా నడుస్తుంది. మనకు ఎనిమిది గంటలు చాలు, 53 దాటిపోతుంది.

దీన్ని ఇంటి దగ్గర పెట్టుకోవడంలో ఉన్న సుఖం ఇంకెక్కడా లేదు. మా కాలనీ చుట్టు 1.12 కి.మీ., ఆరు చుట్లకు 6.7. డిసెంబర్‌లో ఓ ఆదివారం నాలుగింటికి మొదలుపెట్టాను. ఒక్కో గంటలో 49-50 నిమిషాలు కాళ్ల మీద, పది నిమిషాలు కుర్చీలో. మొదటి మూడు గంటలు ఆ పది నిమిషాలు ఎక్కువనిపించాయి, ఫోన్ చూసుకున్నాను. అయిదో గంటకి ఆ పది నిమిషాల్లో చేయాల్సిన పనులే ఎనిమిది తేలాయి: సాక్స్ విప్పి ఇసుక దులపడం, కాలి వేళ్ల మధ్య వాజలీన్, నాలుగు ముద్దల పెరుగన్నం, సీసా నింపడం, బాత్రూమ్, టోపీ తడపడం, పిక్కలు రుద్దుకోవడం, మళ్లీ లేవడం. ఆ చివరిదే అసలు పని. ఆరో గంట తర్వాత కుర్చీలోంచి లేవడానికి గేటు ఊచలు పట్టుకున్నాను. తాత పందెం గురించి అడిగింది దీని తర్వాతే. ఏడో గంట రెండో చుట్టులో 42.195 దాటాను. ఆ సమయానికి కూరగాయల బండి అడ్డంగా ఉంది, దాన్ని తప్పించుకోవడంలో గడియారం వైపు చూడనే లేదు.

కుర్చీ విషయంలో ఒక నియమం పెట్టుకోండి: తిన్న తర్వాతే కూర్చోవాలి, కూర్చుని తినకూడదు. నిలబడి తింటే లేచే బాధ సగం తగ్గుతుంది.

నాలుగోది రాత్రి పరుగు. భోజనం చేసి పదింటికి మొదలుపెట్టి రెండింటిదాకా. ఇది ఒంటరిగా చేయకండి, ఆడా మగా ఎవరైనా సరే. నలుగురు కలిసి నెక్లెస్ రోడ్ లాంటి వెలుతురున్న చోట, తలకి లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ వేసుకుని తిరగండి. మీ రేసు తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికి ముగిసేదైతే ఇది వదిలేసినా నష్టం లేదు. 12 గంటల స్టేడియం పరుగుల మీద మనసున్నవాళ్లకు మాత్రం తప్పదు. అర్ధరాత్రి దాటాక ఒంటికి వచ్చే మత్తు ఏ పుస్తకంలో చదివినా అర్థం కాదు.

మూడో మెట్టు: కడుపుని కూడా పరిగెత్తించాలి

నా మొదటి 50ని చెడగొట్టింది కాళ్లు కాదు, కడుపు. ఆ రోజు మొదటి మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. ఆకలి వేయలేదు కదా అనుకున్నాను. నాలుగో గంటలో నీరసం వస్తే ఒకేసారి మూడు జెల్స్ (పరుగులో మింగే తియ్యటి పాకం ప్యాకెట్లు) మింగాను. కడుపు ఒప్పుకోలేదు.

లెక్క ఇదీ. పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. నేను 68 కిలోలు, 50 కి.మీ.కి దాదాపు 3,400 క్యాలరీలు. కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం మొత్తం కలిపినా 2,000 క్యాలరీల దరిదాపుల్లోనే. మిగతాది కొవ్వు నుంచి వస్తుంది గానీ మెల్లగా వస్తుంది. కాబట్టి గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, మొదటి గంట నుంచే, ఆకలితో సంబంధం లేకుండా లోపలికి పోవాలి. అరగంటకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఖరీదైన జెల్స్ మీదే ఆధారపడనక్కర్లేదు. మధ్య సైజు అరటిపండులో సుమారు 25 గ్రాములు, ఉడికించిన ఓ మోస్తరు ఆలుగడ్డలో 18-20, కప్పు అన్నంలో 30-40. పది గ్రాముల బెల్లం ముక్కలో సుమారు తొమ్మిది. ఆలుగడ్డ ముక్కల మీద ఉప్పూ మిరియాల పొడీ చల్లి చిన్న కవర్లలో కట్టుకోవడం నాకు బాగా పనికొచ్చింది. పెరుగన్నం మెత్తగా, గుటకలా జారిపోయేట్టు కలపాలి, పోపు వద్దు. పల్లీ పట్టీ రుచిగానే ఉంటుంది గానీ నోరు ఎండినప్పుడు నమలలేం, పల్లీల్లోని కొవ్వు కడుపులో బరువుగా కూర్చుంటుంది. మొదటి రెండు గంటల్లో తినేయండి, తర్వాత ముట్టుకోవద్దు. పులిహోర మా ఫ్రెండ్ ఒకడికి అమృతం, నాకు గుండెల్లో మంట. మీకేది పడుతుందో ఆదివారం పరుగులే తేలుస్తాయి. చివరి గంటల్లో తీపి మీద విరక్తి పుడుతుంది, ఏదైనా ఉప్పగా దగ్గర పెట్టుకోండి. మూత తీసి గ్యాస్ పోనిచ్చిన కోలా ఐదో గంట తర్వాత చేసే మేలు నేను డైటీషియన్ ముందు ఒప్పుకోను గానీ, నిజం.

ఇక నీళ్లు. "బాగా తాగండి" అనే సలహా సగమే మంచిది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువగా తేలింది. పరుగు మొదట్లో కంటే చివర్లో బరువు పెరిగినవాళ్లలో అంటే పోయిన చెమట కంటే ఎక్కువ తాగినవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ. ఆరేడు గంటల పరుగులో ఉత్త నీళ్లు అదే పనిగా పోస్తూ పోతే చేతులు ఉబ్బుతాయి, ఉంగరం బిగుసుకుంటుంది, తల దిమ్ముగా ఉంటుంది, వాంతులవుతాయి. ముదిరితే ప్రాణానికే ప్రమాదం.

మీకెంత కావాలో ఇలా తెలుసుకోండి. ఒక గంట పరుగుకి ముందు బట్టలు విప్పి బరువు చూసుకోండి, తర్వాత చెమట తుడుచుకుని మళ్లీ చూసుకోండి. మధ్యలో ఏమీ తాగకపోతే, తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట. డిసెంబర్ తెల్లవారుజామున నాకు గంటకి అరలీటరే, ఆగస్టులో లీటరు దాటింది. పోయినదంతా అప్పటికప్పుడు భర్తీ చేయాల్సిన పని లేదు. దాహానికి తగ్గట్టు తాగుతూ, పరుగు చివరికి బరువు కాస్త తగ్గేట్టు చూసుకుంటే చాలు.

ఉప్పుకి మజ్జిగని మించింది లేదు. అరలీటరు పల్చటి మజ్జిగలో పావు చెంచా ఉప్పు వేస్తే 500-600 మిల్లీగ్రాముల సోడియం. చాలామందికి గంటకి 300 నుంచి 600 సరిపోతుంది. అయితే మజ్జిగ మూడు నాలుగు గంటలకు మించి ఎండలో ఉంచకండి, పులిసిపోయి కొత్త కష్టం తెస్తుంది. ఓఆర్ఎస్ వాడేవాళ్లు మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలకు చాలాకాలం ఓఆర్ఎస్ అనే పేరు నడిచింది. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పట్టు వదలకుండా పోరాడాక, 2025 అక్టోబర్‌లో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడకూడదని తేల్చింది. అలాగని ఓఆర్ఎస్‌ని తిండి అనుకోకండి. లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఒక అరటిపండులో సగం.

నాలుగో మెట్టు: కాళ్లు, చర్మం, ఇంకొన్ని చిల్లర బాధలు

42 దాకా బాధ పెట్టని చిన్న కుట్టు 45 దగ్గర కత్తిలా కోస్తుంది. తొడల మధ్య, చంకల్లో, బనీను అంచు తగిలేచోట వాజలీన్ దట్టంగా రాయండి. కొబ్బరినూనె గంటలో ఇంకిపోతుంది. బూట్లు మామూలు కంటే అరసైజు పెద్దవి, ఎందుకంటే ఐదు గంటల తర్వాత పాదం ఉబ్బుతుంది. గోళ్లు రేసుకి మూడు రోజుల ముందు అడ్డంగా కత్తిరించండి. అయినా ఒకటో రెండో నల్లబడతాయి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

తల మీద నీళ్లు పోసుకునే అలవాటున్నవాళ్లు ముందుకు వంగి పోసుకోండి. నిలబడి పోసుకుంటే అవి తిన్నగా బూట్లలోకి వెళ్తాయి, తడి సాక్స్‌లో పది కిలోమీటర్లు పోతే బొబ్బ ఖాయం.

వారానికి రెండు రోజులు ఇరవై నిమిషాలు బలం కోసం. గుంజీలు, ఒంటికాలి మీద మెట్టు దిగడం, మడమలు ఎత్తడం. లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్లో ఉన్నా మెట్ల మీదుగానే, మరీ నెమ్మదిగా దిగండి. తొడల్ని దెబ్బతీసేది ఎక్కడం కంటే దిగడమే. నెలకోసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో మట్టి దారిన నాలుగు గంటలు గడపగలిగితే మంచిది, తారు రోడ్డు మీద ఒకే కండరాన్ని పదివేలసార్లు కొట్టే బాధ ఉండదు.

నొప్పి మాత్రల గురించి గట్టిగానే చెబుతున్నాను. పరుగుకి ముందు గానీ మధ్యలో గానీ ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు చిట్లి ఉన్న సమయంలో అవి కిడ్నీల మీద పడతాయి.

కుక్కలు. తెల్లవారుజామున మన వీధుల్లో అసలు కటాఫ్ (రేసు ముగించాల్సిన గడువు) పెట్టేవి అవే. వెంటపడితే పరిగెత్తకండి. ఆగి, నడుస్తూ, మెల్లగా దాటండి. కరిస్తే మాత్రం ఆ రోజు పరుగు అంతటితో ఆపేసి, పావుగంట సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు టీకాకి వెళ్లాలి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

మనసు మొరాయించినప్పుడు

30 నుంచి 40 మధ్య ఎక్కడో ఒకచోట "ఎందుకిదంతా?" అనే ప్రశ్న వస్తుంది. దానికి సమాధానం వెతకకండి. ఏదైనా తినండి, ఇరవై నిమిషాలు నడవండి, ఆ తర్వాత ఆలోచించండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది తత్వం కాదు, చక్కెర తగ్గడం. కాలనీ పరుగులో ఆరో గంటకి నాకు జీవితమే వృథా అనిపించింది. ఓ అరటిపండు, నాలుగు గుటకల కోలా తర్వాత వాచ్‌మన్ తాతతో వానల గురించి మాట్లాడుతున్నాను.

నిజంగానే ఆగాల్సినవి వేరే ఉన్నాయి. మూత్రం కోలా రంగులోకి మారడం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం, కుంటితే తప్ప అడుగు పడని నొప్పి. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అక్కడే ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మూత్రం రంగు విషయంలో "రేపు చూద్దాం" అనకండి, కండరం కరిగి కిడ్నీల్లో అడ్డుపడుతున్న గుర్తు అది.

ఇంటి సంగతి కూడా మనసుకే చెందుతుంది. నాలుగు నెలల ఆదివారాలు మింగే పని ఇది. "డబ్బులిచ్చి మరీ ఈ బాధలేంటండీ?" అని మా ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. ఒక ఒప్పందం చేసుకున్నాం: నాలుగింటికి బయల్దేరి తొమ్మిదిలోపు ఇంట్లో ఉండాలి, ఆ తర్వాత "కాళ్లు నొప్పులు" అనే మాట వాడకూడదు. రెండోది పాటించడమే కష్టం. వెళ్లేముందు ఫోన్‌లో లైవ్ లొకేషన్ పంపడం కూడా ఆ ఒప్పందంలో భాగం.

ఇప్పుడు రేసు

నాలుగు పందేల్లో మూడు దాటాక పేరివ్వండి. మొదటిసారికి చదునైన రోడ్డు మీదో, ఒకే చుట్టు మళ్లీ మళ్లీ తిరిగేదో ఎంచుకోండి, మీ డబ్బా మీకు ప్రతి చుట్టుకీ అందుతుంది. స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ మీద 50 కి.మీ. అంటే 125 చుట్లు. విసుగే గానీ, తొలిసారికి అంతకంటే భద్రమైన చోటు లేదు. చిక్కమగళూరు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రా అందాలు రెండో ఏటికి అట్టేపెట్టండి. లద్దాఖ్‌లో ఐదు వేల మీటర్ల పైన ఉన్న కనుమ దాటించే 72 కి.మీ. ఖర్దుంగ్ లా ఛాలెంజ్, దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న, దాదాపు 90 కి.మీ.కి 12 గంటలు మాత్రమే ఇచ్చే కామ్రేడ్స్, అవన్నీ ఇంకా పైమెట్లు.

కటాఫ్ ఎంతో చదవండి. దారిలో తిండీ నీళ్లూ ఇచ్చే ఎయిడ్ స్టేషన్లో ఏం పెడతారో ముందే కనుక్కుని, ఆ తిండినే రెండు ఆదివారాలు తిని చూడండి. ఫీజు కట్టే ముందు పంచాంగం కూడా చూడండి. ఇది హాస్యానికి చెప్పడం లేదు. చలికాలంలో మంచి ముహూర్తాలూ మంచి రేసులూ ఒకే వారాల్లో పడతాయి. బావమరిది పెళ్లి నాడు మీరు 50 కి.మీ. పరిగెత్తిన సంగతి ఆ కుటుంబంలో మూడు తరాలు చెప్పుకుంటారు.

చివరి మూడు వారాలు కిలోమీటర్లు తగ్గించుకుంటూ రండి: పావు వంతు, సగం, ఆఖరి వారం నాలుగైదు చిన్న పరుగులే. ఈ రోజుల్లో లేనిపోని నొప్పులన్నీ గుర్తొస్తాయి, పట్టించుకోకండి. కొత్త బూట్లు, కొత్త సాక్స్, కొత్త తిండి ఏవీ రేసు రోజున వద్దు. మొదటి 20 కి.మీ. ఎంత నెమ్మదిగా పోవాలంటే మీకే సిగ్గేయాలి.

ఒక్క ఏర్పాటు మాత్రం చాలామంది మరిచిపోతారు: తిరుగు ప్రయాణంలో బండి ఎవరు నడుపుతారు? కాలనీ పరుగు అయిన సాయంత్రం పాల ప్యాకెట్ కోసం కారు తీసి క్లచ్ మీద కాలు పెట్టగానే పిక్క రాయిలా పట్టేసింది, గేటు దాటకుండానే ఆపేశాను. అందుకే రెండోసారి 50కి వెళ్లినప్పుడు మా ఆవిడని బతిమాలి తీసుకెళ్లాను. 6 గంటల 31 నిమిషాల్లో ముగించాను. వస్తూ వస్తూ ఉప్పల్ దగ్గర టిఫిన్ బండి ముందు ఆపింది. దిగుదామని తలుపు తీశాను, కాలు కింద పెట్టి మళ్లీ లోపలికి లాక్కున్నాను. ఇడ్లీ ప్లేటు అద్దంలోంచే అందించి, "చట్నీ ఇంకొంచెం వేయించనా?" అంది.